భోజనానికి ఇంకా ఐదు నిమిషాలు

పెళ్లిచూపులకు వెళ్లిన అబ్బాయి ఏం అడుగుతాడు? పాత సినిమాల్లో అయితే పాట వచ్చా అని అడిగించేవారు. ఇళ్లల్లో చదువు సంగతి, వంట సంగతి వస్తాయి. ‘న్యూటన్’ సినిమాలో అబ్బాయి వయసు సంగతి పట్టుకుంటాడు. అమ్మాయికి ఇంకా పద్దెనిమిది నిండలేదని తేలుతుంది. అంతే, ఈ సంబంధం వద్దంటాడు. అమ్మాయి నచ్చక కాదు, కట్నం చాలక కాదు. చట్టం ఒప్పుకోదు కనక తనూ ఒప్పుకోడు. కన్నవాళ్లు తల పట్టుకుంటారు. ఇలాంటి కొడుకును ఎవరికిచ్చి కట్టబెట్టాలన్నది వాళ్ల బాధ.

అమిత్ మాసూర్కర్ తీసిన ఈ హిందీ సినిమా 2017 సెప్టెంబరులో విడుదలైంది. దాన్ని అందరూ ఎన్నికల సినిమా అంటారు. కాదనలేం. దండకారణ్యం నడిబొడ్డున కొండనార్ అనే ఊళ్లో 76 మంది ఓటర్లుంటారు. వాళ్ల చేత ఓటు వేయించడానికి కుర్ర గుమాస్తా అయిన ఈ అబ్బాయే ప్రిసైడింగ్ ఆఫీసరుగా వెళ్తాడు. కథలో ఎక్కువ భాగం ఆ ఒక్క రోజే. బెర్లిన్ చిత్రోత్సవంలో ఫోరం విభాగంలో చూపించారు, ఆర్ట్ సినిమా థియేటర్ల అంతర్జాతీయ సమాఖ్య ఇచ్చే బహుమతి అక్కడే వచ్చింది. ఆ ఏడాది ఆస్కార్‌కు మన దేశం పంపింది కూడా దీన్నే. ఉత్తమ హిందీ చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది. ఇదంతా చాలామంది రాశారు.

నేను ఈ సినిమా నాలుగుసార్లు చూశాను. మొదటిసారి ఎన్నికల కథగానే చూశాను. రెండోసారి నుంచి నాకది ప్రేమకథగా కనిపించడం మొదలైంది, ఇప్పుడు అలాగే కనిపిస్తోంది. కథకు ఒక కొసన పెళ్లిచూపులున్నాయి, రెండో కొసన ఒక అమ్మాయి టీ తాగుదామా అని అడగడం ఉంది. ఈ రెండు కొసల మధ్య ప్రేమ అన్న మాట ఎవరి నోటా రాదు. చేయి చేయి తాకదు, యుగళగీతం లేదు. అయినా చివరికొచ్చేసరికి ఈ ఇద్దరూ కూర్చుని టీ తాగితే బాగుండునని మనకు గట్టిగా అనిపిస్తుంది. ఆ కోరికను మనలో ఎలా పుట్టించారన్నదే నాకు ఆశ్చర్యం. ఆ పనితనాన్ని దగ్గరగా చూద్దామని ఈ నాలుగు మాటలు.

ముందు రాసినవాళ్ల సంగతి. మాసూర్కర్, మయాంక్ తివారీ కలిసి రాసిన స్క్రిప్టు ఇది. మాసూర్కర్ తొలి సినిమా ‘సులేమానీ కీడా’ 2014లో వచ్చింది. ముంబయిలో అవకాశాల కోసం తిరిగే ఇద్దరు రచయితల కథ, అందులో ఒకడు తడబడుతూ ఒక అమ్మాయిని ఇష్టపడతాడు. చేతిలో పెద్దగా డబ్బు లేకుండా, స్నేహితుల్ని పోగేసుకుని తీసిన సినిమా. ఆ ఇద్దరు రచయితల్లో ఒకడిగా నటించింది ఈ తివారీయే. అంటే తడబాటు ప్రేమను ఎలా రాయాలో, ఎక్కడ ఆపాలో వీళ్లకు ముందే చేతికొచ్చిన విద్య. ‘న్యూటన్’కి వచ్చేసరికి ఆ విద్యను అడవిలో దాచారు. ఈ స్క్రిప్టుకు 2017లో ఆసియా పసిఫిక్ స్క్రీన్ అవార్డు వచ్చింది, ఉత్తమ నటుడి బహుమతి కూడా అక్కడే రాజ్‌కుమార్ రావుకు దక్కింది. రెండూ సరైన చోటికే చేరాయి.

ఇక ఆ అబ్బాయి. కన్నవాళ్లు పెట్టిన పేరు నూతన్ కుమార్. అది ఆడపిల్ల పేరని తోటివాళ్లు ఆటపట్టిస్తే ‘నూ’ని ‘న్యూ’ చేసి, ‘తన్’ని ‘టన్’ చేసి న్యూటన్ అయ్యాడు. పేరు మార్చుకున్న ఈ చిన్న ముక్క మనిషినంతా పట్టి చూపిస్తుంది. ఎవరో నవ్వారని ముడుచుకుపోడు, దెబ్బలాడడు, అర్జీ పెట్టుకున్నవాడిలా రెండు అక్షరాలు సరిచేసుకుంటాడు. రాజ్‌కుమార్ రావు ఈ పాత్రకు ఉంగరాల జుట్టు పెట్టుకున్నాడు. దానికంటే ముఖ్యమైనది రెప్పలు. ఈ న్యూటన్ అదేపనిగా రెప్పలార్పుతాడు. ఎదుటివాడు ఎదురు చెప్పినప్పుడు, ఏదో అన్యాయం జరుగుతోందని పసిగట్టినప్పుడు, అమ్మాయి తనవైపు చూసినప్పుడు, అన్నిటికీ అదే టపటప. ఒకే రెప్పపాటుతో మొండితనం, భయం, సిగ్గు మూడూ పలికించడం తేలిక కాదు. ఒక్కో చోట ఏది ఏదో మనకు తెలిసిపోతూనే ఉంటుంది. నాలుగోసారి చూసినప్పుడు నేను కథ వదిలేసి ఆ కళ్లే చూశాను.

మొండివాడైన ప్రేమికుడు మన సినిమాలకు కొత్త కాదు. అమ్మాయి వద్దన్నా వెంటపడతాడు, బస్సెక్కితే బస్సెక్కుతాడు, గుడికెళ్తే గుడికొస్తాడు. రెండు పాటలు, ఒక కొట్లాట అయ్యేసరికి ఆమె ఔనంటుంది. ఈ మూసలో ఎన్ని సినిమాలు చూసి పెరిగామో లెక్కలేదు. న్యూటన్ మొండితనం అంతకంటే ఎక్కువేగాని తక్కువ కాదు. అయితే అందులో ఒక్క చుక్క కూడా అమ్మాయి మీద పెట్టడు. మొత్తం పని మీద పెడతాడు. ఆమెను ఒక్కసారి కూడా వెంబడించడు, ఫోన్ నంబరు అడగడు. తన పని తాను చేస్తుంటే ఆమె చూస్తుంది. చూసి, తన లెక్కలు తాను వేసుకుంటుంది. ఏడాది తర్వాత మన వెంకటేశ్ మహా ‘కేరాఫ్ కంచరపాలెం’లో పెళ్లి కాని మధ్యవయసు అటెండరు రాజును, అతని ఆఫీసుకు వచ్చిన ఒడిశా అధికారిణి రాధను చూపించినప్పుడు నాకు ఈ వరసే గుర్తొచ్చింది. వెంటపడకుండానే మనసులో చోటు సంపాదించే మగవాడు తెరమీద అరుదు. అందుకే ఈ రెండు సినిమాలను పక్కపక్కన దాచుకున్నాను.

ఈ కథ బస్తర్ అడవిలోనే ఎందుకు జరగాలి? సినిమా తీసింది దల్లీ రాజహరా పరిసరాల్లో. ఇనుప ఖనిజం గనుల ఊరది, బస్తర్‌కు కాస్త ఉత్తరాన ఛత్తీస్‌గఢ్‌లోనే ఉంది. కథ మాత్రం దండకారణ్యానిది. ఆ పేరు వినగానే మన మనసు పర్ణశాలకు పోతుంది. భద్రాచలం దాటి ఉత్తరానికి కదిలితే సుక్మా, బీజాపూర్ జిల్లాలు ఎంతో దూరం లేవు. అటునుంచి వచ్చే శబరి కూనవరం దగ్గర మన గోదావరిలో కలుస్తుంది. మిరపకాయ కోతలకు అటువైపు గూడేల నుంచి జనం ఖమ్మం చేలకు వస్తారు. భాష కూడా పరాయిది కాదు. గోండీ మన తెలుగుకు దగ్గర చుట్టం. అక్కడ ఊళ్ల పేర్ల చివర వినిపించే ‘నార్’కు గోండీలో ఊరని అర్థం, మన ‘నాడు’కు అది తోబుట్టువు. సినిమాలో కొండనార్ అని వినగానే తెలుగు చెవికి అది సగం తెలిసిన మాటే అనిపిస్తుంది.

పెళ్లి కోరుకునే మగవాడి గురించి ఆ ప్రాంతానికి తనవైన పద్ధతులున్నాయి. మురియా కుర్రాళ్లు తాము చెక్కిన కొయ్య దువ్వెనలను ఇష్టపడ్డ అమ్మాయిలకు ఇచ్చేవారని, వాళ్లు వాటిని కొప్పులో తురుముకునేవారని వెరియర్ ఎల్విన్ ఘోటుల్ (పెళ్లికాని యువతీయువకులు కలిసి ఉండే ఇల్లు) మీద 1947లో అచ్చయిన తన పెద్ద పుస్తకంలో వివరంగా రాశాడు. మాట కంటే ముందు చేతిపని పలకాలి. గోండుల్లో లమ్‌సేనా అనే పద్ధతి ఇంకొకటి. కన్యాశుల్కం ఇచ్చుకోలేని అబ్బాయి కాబోయే మామగారింట్లో ఏళ్ల తరబడి ఉండి దుక్కి, కోత, కట్టెలు అన్నీ చేసి అమ్మాయిని పెళ్లాడతాడు. మన ఇల్లరికంలా కనిపిస్తుందిగాని, ఇక్కడ చాకిరీ పెళ్లికి ముందే మొదలవుతుంది. అబ్బాయి ఎలాంటివాడో ఇంటిల్లిపాదీ రోజూ చూస్తారు. సినిమాలో ఈ మాట ఎక్కడా రాదు, ఇది నా చదువు మాత్రమే. కాని న్యూటన్‌ను ఒక్కరోజు లమ్‌సేనాగా చూడండి, కథ మొత్తం వెలుగుతుంది. ఆమె నేలమీదికి వచ్చి, ఆమె జనానికి చాకిరీ చేస్తాడు. ఆమె పక్కన నిలబడి గమనిస్తుంది.

ఆ అమ్మాయి పేరు మల్కో నేతామ్. స్థానికంగా టీచరు, ఆ బూత్‌కు బీఎల్ఓ, అంటే బూత్ స్థాయి అధికారి. అంజలీ పాటిల్ వేసింది. మనకు తెలిసిన నటే, రాజేశ్ టచ్‌రివర్ తీసిన తెలుగు సినిమా ‘నా బంగారు తల్లి’లో నటనకు జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రశంస అందుకుంది. మల్కో ప్రవేశానికి పాట లేదు, గాలికి ఎగిరే జుట్టు లేదు. హెలికాప్టర్లో దిగిన ఎన్నికల సిబ్బంది, వాళ్లకు కాపలాగా సీఆర్‌పీఎఫ్ జవాన్లు, వాళ్ల అధికారి ఆత్మాసింగ్. వీళ్లంతా ఎనిమిది కిలోమీటర్లు అడవిలో నడవాలి. మల్కో వాళ్లతో కలుస్తుంది. స్థానికురాలు కనక ఆత్మాసింగ్‌కు అనుమానం. న్యూటన్‌కు మాత్రం ఆమె తన బృందంలో మనిషి, కాగితంలో పేరుంది, అంతే లెక్క. ఆమె అందం చూసి పక్షం వహించలేదు, డ్యూటీ లిస్టు చూసి వహించాడు. ఒక ఆడమనిషికి ఇంతకంటే గౌరవమైన పరిచయం ఉంటుందా అని నాకనిపించింది.

నడుస్తున్నంతసేపూ వాళ్లిద్దరి నడకలో తేడా చూడాలి. అతనిది రూళ్లు గీసిన పుస్తకంలో నడిచినట్టుంటుంది. ఆమెది పెరట్లో నడిచినట్టుంటుంది. దర్శకుడు ఈ తేడాను ఒక్క మాటలో చెప్పించకుండా ఛాయాగ్రాహకుడు స్వప్నిల్ సోనావణేకి వదిలేశాడు. చెట్ల నీడలు ముఖాల మీద పడనిచ్చాడు, అడవిని అందంగా చూపించాలని తాపత్రయపడలేదు. కాలిన గోడలు, ఖాళీ ఇళ్లు దారిలో అలా తగులుతూ పోతాయి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. మల్కో అక్కడి జనం సంగతులు చెబుతూ ఉంటుంది. ఇటు తుపాకులు, అటు తుపాకులు, మధ్యలో ఊరు. ఆమె గొంతులో ఏ ఆశా వినిపించదు. న్యూటన్‌కు అది అర్థం కాదు. మీరు నిరాశావాదా అని అడుగుతాడు. నేను ఆదివాసిని అంటుంది ఆమె. ఇద్దరూ చెరొక ముక్క అన్నారు, అంతే. హిందీలో రాసిన ఈ మాట తెలుగులోకి చెక్కుచెదరకుండా వచ్చేస్తుంది. వాది, వాసి. ఒక్క అక్షరం తేడా. అతనిది సిద్ధాంతాల భాష, మనుషుల్ని ఆశావాదులు, నిరాశావాదులు అని గళ్లలో వేసే భాష. ఆమె అదే మాటను అందుకుని, ఒక్క అక్షరం మార్చి, తాను ఉండే నేలను అతని ముందు పెట్టింది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. చదువుకున్నవాడు పుస్తకంలోంచి అడిగితే ఊరి పిల్ల ఊళ్లోంచి జవాబు చెప్పింది.

పాత్రను రాయడమంటే ఇదని నేనంటాను. ప్రేమకథ అనే లెక్కలో చూసినా ఇదే మొదటి మలుపు. ఎందుకంటే ఇక్కడ మొదటిసారి న్యూటన్ దగ్గర తిరుగుమాట లేదు. ఆత్మాసింగ్ వాదిస్తే రూల్ చెబుతాడు. కుదరదంటే ఆ ముక్క రాసిమ్మంటాడు. మల్కో ముందు మాత్రం ఊరుకున్నాడు. తనకు తెలియనిది ఒకటుందని అతనికి ఆ నిమిషంలో తట్టింది. తనకంటే ఎక్కువ తెలిసిన మనిషి ముందు మనసులో తలవంచడం కూడా ఇష్టమే కదా. ఇంకో సంగతి గమనించాను, ఇద్దరూ ఒకరినొకరు ‘మీరు’ దగ్గరే ఉంచుకుంటారు. ఆ మర్యాదలోనే ఎంత చనువు పెరుగుతుందో చూడండి.

బూత్‌ను ఒక పాడుబడ్డ బడిలో పెడతారు. దులిపి, ఊడ్చి, బల్ల వేసి, ఈవీఎం పెట్టి, జాబితా విప్పి కూర్చుంటారు. ఎవరూ రారు.

మా అన్నయ్య ఉపాధ్యాయుడు, ఎన్నికల డ్యూటీలు చాలా చేశాడు. డిస్ట్రిబ్యూషన్ సెంటర్లో సామాను లెక్క చూసుకుని సంచి భుజాన వేసుకున్నప్పటి నుంచి, మర్నాడు సీళ్లు వేసి, లక్క అంటించి, 17సి ఫారం నింపి అప్పజెప్పేదాకా పిల్లను అత్తారింటికి పంపుతున్నంత హడావుడిగా ఉంటుందని అనేవాడు. ఈ సినిమా చూపించాను. ఓటర్లు రాని ఆ సన్నివేశం దగ్గర ఆయన నవ్వలేదు. జాబితా ముందు పెట్టుకుని వాకిలివైపు చూడటం ఎలా ఉంటుందో నాకు తెలుసురా అన్నాడు. పెళ్లివారి కోసం చూసినట్టే ఉంటుంది, వాళ్లు రాకపోతే అవమానం మనదే అనిపిస్తుంది అన్నాడు.

ఆ మాటతో నాకు సన్నివేశం ఇంకోలా విచ్చుకుంది. న్యూటన్ నిజంగా పెళ్లికొడుకులాగే కూర్చుంటాడు. శుభ్రంగా తయారై, వేళ తప్పకుండా, వీపు నిటారుగా పెట్టి. వచ్చేది ఆ 76 మంది. ఇంతసేపు ఏమీ జరగని సన్నివేశాన్ని నిలబెట్టడానికి ఎడిటర్ శ్వేతా వెంకట్ మాథ్యూకు చాలా గుండె ధైర్యం కావాలి. ఇంకొకరైతే గడియారం ముల్లు తిప్పి రెండు కోతల్లో తేల్చేసేవారు. ఈమె మనల్నీ కూర్చోబెట్టింది. ఎండ జరుగుతుంది, ఒకరు కునుకు తీస్తారు, ఒకరు పేకలు తీస్తారు. ఆ ఖాళీలోనే మల్కో, న్యూటన్ మాట్లాడుకుంటారు. పని లేనప్పుడే మనుషులు తెలుస్తారు.

అక్కడే ఉన్న పెద్దాయన లోక్‌నాథ్‌గా రఘువీర్ యాదవ్ నటించాడు. ఆయనను ఆ బల్ల దగ్గర చూస్తే 1985 నాటి ‘మాసీ సాహిబ్’ గుర్తొస్తుంది. ప్రదీప్ కృషెన్ తీసిన ఆ సినిమాలో ఇదే రఘువీర్ మధ్యభారతపు అడవుల్లో తెల్లదొరల కింద పనిచేసే గుమాస్తా. సైలా అనే ఆదివాసి పిల్లను ఇష్టపడి పెళ్లాడతాడు. సైలాగా నటించింది అరుంధతీ రాయ్. అప్పట్లో తనే తడబడుతూ పెళ్లికొడుకైన నటుడు ముప్పై ఏళ్ల తర్వాత అలాంటి అడవిలోనే ఇంకో గుమాస్తా పక్కన కూర్చుని పేకాడుకుంటూ చూస్తున్నాడు. దర్శకుడు అనుకుని చేశాడో లేదో గాని, సినిమాలు చూసి పెరిగినవాడికి అదొక కానుక.

తర్వాత ఒక పెద్ద అధికారి, ఒక విదేశీ విలేకరి వస్తున్నారని కబురు వస్తుంది. వెంటనే జవాన్లు ఊరిమీద పడి జనాన్ని తోలుకొస్తారు. ఓటర్లు వచ్చారుగాని తమంతట తాము రాలేదు. తీసుకొచ్చినవాళ్లకు ఆ మిషను ఏమిటో, అభ్యర్థులెవరో తెలియదు. ఓటు వేస్తే తునికాకుకు సరైన ధర వస్తుందా అన్నది వాళ్లకు కావలసిన జవాబు. న్యూటన్ హిందీలో చెబుతాడు, మల్కో గోండీలో చెబుతుంది, వాళ్లు అడిగింది ఆమె మళ్లీ హిందీలో తెస్తుంది. ఈ రాకపోకల్లో ఆమె నిజంగా మధ్యవర్తి. రెండు వైపులా నిజం చెప్పే మధ్యవర్తి, అది మరీ కష్టం. ఆత్మాసింగ్ విసిగిపోయి, ఇదొక ఆటబొమ్మ, నచ్చిన బటన్ నొక్కండి అని తేల్చేస్తాడు. న్యూటన్ ముఖం చూడాలి అప్పుడు. తను గుండెలో పెట్టుకున్నదాన్ని ఎవరో నలుగురిలో ఆటబొమ్మ అన్నారు. విదేశీ విలేకరి భాగం మాత్రం నాకు కాస్త పలచగా తోస్తుంది, ఆమె పాత్రను ఒక అవసరం కోసమే తెచ్చినట్టుంది. సినిమాలో నాకు నచ్చని చోటు అదొక్కటే.

ఆత్మాసింగ్‌ను దుర్మార్గుడిగా రాయకపోవడం ఈ స్క్రిప్టులో పెద్ద సంస్కారం. పంకజ్ త్రిపాఠీకి దీనికి జాతీయ అవార్డుల్లో ప్రత్యేక ప్రశంస వచ్చింది. అతని బాధ్యత తన కుర్రాళ్లు ప్రాణాలతో తిరిగి రావడం. ఒకచోట తుపాకీని న్యూటన్ చేతికిచ్చి బరువు చూడమంటాడు, ఇది దేశం బరువు, మా భుజాల మీద ఉందంటాడు. సినిమా ఆ సంగతి అక్కడ వదిలేసినట్టే వదిలేసి చివర్లో అందుకుంటుంది. పని ముగించి త్వరగా బయటపడాలని ఆత్మాసింగ్ దొంగ కాల్పులు జరిపించాడని న్యూటన్‌కు తెలుస్తుంది. ఇంతలో కొందరు ఊరివాళ్లు ఎదురై ఓటేస్తామంటారు. తోలుకొచ్చినవాళ్లు కాదు, తమంతట తాము వచ్చినవాళ్లు. ఈ రోజంతా న్యూటన్ ఎదురుచూసింది వీళ్ల కోసమే. వద్దు పొమ్మన్న ఆత్మాసింగ్ మీదికి న్యూటన్ తుపాకీ ఎత్తుతాడు. వాళ్ల ఓట్లు పడతాయి. పడ్డాక కూడా తుపాకీ దించడు. పోలింగ్ గడువు మూడు గంటల దాకా ఉంది కనక మూడయ్యేదాకా అలాగే నిలబడి, టైము కాగానే దించేస్తాడు. తర్వాత జవాన్లు ఊరుకోరు.

మల్కో ఇదంతా చూసింది. ఏ మాటా అనదు. ఆమె మనసులో ఏముందో చూపించే క్లోజప్ కోసం నేను వెతుక్కున్నాను, అలాంటిది పెట్టి మనకు అరటిపండు ఒలిచి ఇవ్వలేదు. నరేన్ చందావర్కర్, బెనెడిక్ట్ టేలర్ నేపథ్య సంగీతం కూడా ఇది ప్రేమ అని ఎక్కడా సూచించదు.

సినిమా వచ్చినప్పుడు దీన్ని ఇరాన్ దర్శకుడు బాబక్ పయామీ ‘సీక్రెట్ బ్యాలట్’తో పోల్చారు. 2001 నాటి ఆ చిత్రంలో ఒక అమ్మాయి బ్యాలట్ పెట్టె పట్టుకుని దీవిలో ఇల్లిల్లూ తిరుగుతుంది, ఆమె వెంట ఒక సైనికుడు. అక్కడా ఒకే రోజు, అక్కడా మొండి మనిషి, అక్కడా చెప్పని ప్రేమ. పోలికలున్నమాట నిజమే. అయితే అక్కడ ఇష్టం సైనికుడిది, రోజు ముగిసేసరికి తన ఓటునే ఆమెకు ఇచ్చుకుంటాడు. అందమైన ముగింపు. ‘న్యూటన్’లో అడుగు ముందుకు వేసేది అమ్మాయి. నాకు ఈ రెండోదే ఎక్కువ నచ్చింది, ఎందుకంటే ఇందులో ఎంచుకునే హక్కు ఆమెది. ఓటు గురించిన సినిమాలో ఆ హక్కును ఒక ఆదివాసి అమ్మాయి చేతిలో పెట్టి, దాన్ని ఎత్తి చూపించకుండా ఊరుకున్నారు.

ఆరు నెలల తర్వాత. ఆత్మాసింగ్ భార్యాబిడ్డలతో సూపర్‌మార్కెట్లో సరుకులు కొంటూ కనిపిస్తాడు, మామూలు సంసారి. తర్వాత న్యూటన్ ఆఫీసు. బల్ల దగ్గర కూర్చున్నాడు, మెడకు పట్టీ ఉంది. ఆ రోజు అడవిలో ఏం జరిగిందో, ఎంత దెబ్బ తగిలిందో ఆ పట్టీ చెబుతుంది, వేరే దృశ్యం అక్కర్లేదు. మల్కో వస్తుంది. అడవిలో ఆమె నేలకు అతను వెళ్లాడు, ఇప్పుడు అతని చోటుకు ఆమె వచ్చింది. లమ్‌సేనా చేసిన చాకిరీ ఇంట్లోవాళ్లు గమనించారన్నమాట. టీ తాగుదామా అంటుంది.

ఈ క్షణంలో ఇంకే హీరో అయినా లేచి నిలబడతాడు. న్యూటన్ టైము చూసుకుంటాడు. భోజన విరామానికి ఇంకా ఐదు నిమిషాలుంది. ఆగమంటాడు.

సినిమా మొదట్లో ఎన్నికల శిక్షణ ఇచ్చే అధికారిగా సంజయ్ మిశ్రా ఒక మాట చెబుతాడు. నీ కష్టమేమిటో తెలుసా, నీకు నీ నిజాయితీ మీద గర్వం అంటాడు. నిజాయితీగా ఉండటం ఎవరికో చేసే ఉపకారం కాదు, ఉండాల్సిందే అది అన్నది ఆయన భావం. ఈ ఐదు నిమిషాల దగ్గర నాకు ఆ మాటే గుర్తొస్తుంది. ఇక్కడ న్యూటన్ ముఖంలో గర్వం లేదు. మొండితనం అలాగే ఉంది, గర్వం పోయింది. అడవి అతనికి చేసిన మేలు అదేనేమో. వయసు చాలదని సంబంధం వదులుకున్నప్పుడు ఉన్న బిగువుకు, ఐదు నిమిషాలు ఆగమన్నప్పుడు ఉన్న మెత్తదనానికి తేడా రాజ్‌కుమార్ రావు ఒక్క చూపులో చూపించాడు. మాట అదే, నియమం అదే, పలికే మనిషి మారాడు.

ఈ సినిమా చూడనివాళ్లు చూడండి. హిందీ అంతగా రాకపోయినా ఫర్వాలేదు, కళ్లు చాలు. ఇదివరకే చూసినవాళ్లు ఈసారి ఎన్నికల సంగతి పక్కన పెట్టి మల్కోను చూడండి. చివరి పాట మొదలవగానే లేచి వెళ్లిపోకండి. అతను ఆగమన్నాడు, ఆమె ఆగింది.